విశాఖలో మునగని ఓడ

1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసిన రోజు. ఉత్తరాంధ్రలో ఆ రోజు గురించి పెద్దవాళ్ళ నోట వినని ఇల్లు తక్కువ. “పట్నం కాళీ అయిపోనాది. జెనం పిల్లల్ని బుజానేసుకొని ఒచ్చీసినారు” అని మా తాత చెప్పేవాడు. ఎవరు ఎవరింట్లో తలదాచుకున్నారో, ఎన్నాళ్ళున్నారో కథలు కథలుగా చెప్పేవారు. ఆ రోజు రేవులో నిలబడి బాంబు దెబ్బ తిన్న సరుకు ఓడ ఊసు మాత్రం ఆ కథల్లో ఎప్పుడూ రాలేదు.

ఆ ఓడ పేరు ‘ఆంగ్లో కెనడియన్’. బ్రిటిష్ జెండా కింద తిరిగే సరుకు ఓడ. విశాఖలో తగిలిన దెబ్బకు అది మునగలేదు. మళ్ళీ ప్రయాణానికి సిద్ధపడి మన తీరం విడిచింది, ఆఫ్రికా కొసను చుట్టింది, అట్లాంటిక్‌లో అడుగుపెట్టింది. విశాఖ బాంబులకు సరిగ్గా 80 రోజుల తర్వాత, అదే సంవత్సరం జూన్ 25న, ఒక జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది.

మాది కోటబొమ్మాళి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సరుకు ఓడల ఇంజన్ రూముల్లోనే గడిపిన మెరైన్ ఇంజనీర్ని. ఈమధ్య మా వీధిలో ఒకావిడ నన్ను ఆపి అడిగింది: “అన్నయ్యా, సముద్రంలో ఓడల మీద బాంబులేస్తన్నారట గదా, టీవీలో సూపిస్తన్నారు. మావోడ్ని పంపమంతావా, ఒద్దంతావా?” ఆమె కొడుకు శిక్షణ పూర్తిచేసి ఓడ ఎక్కడానికి ఎదురుచూస్తున్నాడు. ఒక్క మాటలో జవాబు చెప్పలేని ప్రశ్న అది. యుద్ధకాలంలో సరుకు ఓడ బతుకు ఎలా ఉంటుందో తెలిస్తే ఆ జవాబు ఎవరికి వారే వెతుక్కోవచ్చు. అందుకు నాకు ఆంగ్లో కెనడియన్‌ని మించిన ఉదాహరణ దొరకలేదు. అది మన రేవుకు వచ్చిన ఓడ, మన రేవు నుంచే ఆఖరి ప్రయాణానికి బయలుదేరిన ఓడ.

ఎరువు కోసం పుట్టిన కంపెనీ

ఆంగ్లో కెనడియన్ 1928లో ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని సండర్లాండ్‌లో, షార్ట్ బ్రదర్స్ యార్డులో తయారైంది. అప్పట్లో సండర్లాండ్ ఊరంతా ఓడల పనే. దాన్ని కట్టించుకున్న కంపెనీ పేరు ‘నైట్రేట్ ప్రొడ్యూసర్స్ స్టీమ్‌షిప్ కంపెనీ’. నడిపింది లండన్‌కు చెందిన లాథర్ లాట్టా సంస్థ. వాళ్ళ ఓడల పేర్లు ఎక్కువగా ‘ఆంగ్లో’తోనే మొదలయ్యేవి.

నైట్రేట్‌కీ ఓడలకీ ఏం సంబంధమని మన రైతులు అడగవచ్చు. చాలా దగ్గరి సంబంధమే. యూరియా బస్తాలు రాక మునుపు ప్రపంచానికి నత్రజని ఎరువు దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ఎడారి నుంచి వచ్చేది. వానచుక్క ఎరగని అటకామా ఎడారిలో తవ్వి తీసిన ఆ ఉప్పును యూరప్ పొలాలకు ఓడల్లో మోసుకెళ్ళేవారు. పంటకు బలమిచ్చే ఆ నైట్రేటే మందుగుండుకూ ముడిసరుకు. అందుకే రైతుకు ఎంత అవసరమో, యుద్ధం చేసే రాజ్యాలకూ అంత అవసరం. మొదటి ప్రపంచయుద్ధానికి కాస్త ముందు జర్మన్ శాస్త్రజ్ఞులు హేబర్, బాష్ గాలిలోని నత్రజని నుంచే అమ్మోనియా తయారుచేసే పద్ధతిని కర్మాగారాల దాకా తెచ్చారు. ఈరోజు మన వరిచేలో చల్లే యూరియా ఆ పద్ధతి సంతానమే. దాంతో చిలీ నైట్రేట్ గిరాకీ కరిగిపోయింది. ఆ సరుకు కోసం పుట్టిన ఓడల కంపెనీ ఇతర సరుకుల వెంట పడక తప్పలేదు.

ఆంగ్లో కెనడియన్ లాంటి ఓడలను నావికులు ట్రాంప్ ఓడలంటారు. లైనర్ ఓడకు బస్సులా రూటు, టైం టేబుల్ ఉంటాయి. ట్రాంప్‌కు అవేమీ లేవు. ఎక్కడ సరుకు దొరికితే అక్కడికి పోతుంది, ఎక్కడికి దించమంటే అక్కడ దించుతుంది, అక్కడ ఇంకో సరుకు చూసుకుంటుంది. గోధుమలు, బొగ్గు, కలప, ఖనిజం, పంచదార, ఏదైనా సరే. ప్రపంచానికి తిండి, నిప్పు, ఇనుము అందించినవి ఎక్కువగా ఈ ఓడలే. వాటి పేర్లు ఎవరికీ గుర్తుండవు.

దాని పరిమాణం 5,268 గ్రాస్ టన్నులని పాత రికార్డుల్లో ఉంది. ఇది బరువు కాదు. ఓడ లోపల మూసి ఉన్న చోటును కొలిచి, వంద ఘనపుటడుగులను ఒక టన్ను కింద లెక్కగట్టేవారు. మోయగల బరువు అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. ఎంత మోయవచ్చో చెప్పేది ఓడ పక్కన వేసిన గీత. అడ్డగీత ఉన్న ఆ గుండ్రటి గుర్తు నీళ్ళలో మునిగేదాకా సరుకు ఎక్కించకూడదు. పంతొమ్మిదో శతాబ్దంలో అత్యాశ యజమానులు ఓడలను నిండా కుక్కి, బీమా డబ్బు మీద ధీమాతో సముద్రంలోకి తోసేవారు. నావికులు చచ్చేవారు. శామ్యూల్ ప్లిమ్సోల్ అనే పార్లమెంటు సభ్యుడు ఏళ్ళ తరబడి పోరాడితే 1876లో ఆ గీత చట్టమైంది. ఆ గీత ఓడ కోసం వేసింది కాదు, లోపలి మనుషుల కోసం వేసింది. నాకు ఆ గీతంటే గౌరవం. రేవులో ఏ ఓడ కనబడ్డా ముందు అదే చూస్తాను.

తొమ్మిదేళ్ళ రేవు

1942 నాటికి విశాఖ రేవు వయసు తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. అంతకుముందు మన తీరంలో స్టీమర్లు దూరంగా లంగరు వేసేవి. కళింగపట్నం, బారువ, భీమిలి లాంటి చోట్ల సరుకూ మనుషులూ పడవల మీద అలలు దాటి ఓడ దగ్గరికి వెళ్ళాల్సిందే. రంగం (రంగూన్) పోయిన మనవాళ్ళు అలాగే ఎక్కారు. 1917లో నాశనమైన ‘చిల్కా’ అనే స్టీమర్ శిథిలం ఇప్పటికీ బారువ తీరంలో నీళ్ళ అడుగున ఉంది. సముద్రంలో మునకలు వేసే సాహసికులు ఈనాడు దాన్ని చూడటానికి దిగుతున్నారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉప్పు కయ్యలను తవ్వి, సన్నని కాలువ ద్వారా ఓడలు లోపలికి వచ్చేలా విశాఖ రేవు కట్టారు. 1933 అక్టోబర్ 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ మొట్టమొదట అందులో అడుగుపెట్టింది. రెండేళ్ళ ముందే రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం పూర్తయింది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం ఆ దారిన దిగివచ్చి ఓడలెక్కేది. ఉక్కు గట్టిపడాలంటే మాంగనీసు కావాలి. యుద్ధంలో ఉక్కు ఎంత కావాలో చెప్పక్కర్లేదు.

మాంగనీసు లాంటి బరువైన ఖనిజం ఎక్కించిన ఓడను చూస్తే కొత్తవాళ్ళు బిత్తరపోతారు. సరుకు గది పైనున్న హేచ్ మూత తీసి లోపలికి తొంగిచూస్తే అడుగున నల్లటి చిన్న గుట్ట ఒకటే కనిపిస్తుంది. మిగతా హోల్డంతా ఖాళీ. ఇంకా ఎంతో పడుతుందనిపిస్తుంది. బయట చూస్తే గీత అప్పటికే నీళ్ళకు తాకి ఉంటుంది. బరువంతా అడుగున ఉన్న అలాంటి ఓడ తుఫానులో ఒరిగి ఒక్క ఉదుటున వెనక్కి లేస్తుంది. ఇంజన్ రూములో నిలబడ్డవాడు కడ్డీ పట్టుకోకపోతే ఎగిరి అవతల పడతాడు.

1941 జూన్ 21న ఇదే రేవు పక్కన సింధియా షిప్‌యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మన దేశంలో మన ఓడలు మనమే కట్టుకోవాలన్నది ఆ కంపెనీ అధినేత వాల్‌చంద్ హీరాచంద్ పట్టుదల. పదినెలలు తిరగకుండానే ఆకాశంలో జపాన్ విమానాలు కనిపించాయి.

ఆ సోమవారం

1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. అక్కడ కూలీలుగా, రేవు పనివాళ్ళుగా, గుమాస్తాలుగా బతుకుతున్న మన శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి ప్రాంతాల జనం వేలకు వేలు అడవిదారుల్లో నడిచి వచ్చారు. దారిలో రాలిపోయినవాళ్ళ లెక్క ఎవరూ తేల్చలేదు. ఓడ దొరికిన అదృష్టవంతులు మద్రాసు, కలకత్తా, విశాఖ రేవుల్లో దిగారు.

ఇటు కలకత్తా రేవు ఓడలతో కిక్కిరిసింది. అక్కడే ఉంటే బాంబులకు ఒకేసారి బూడిదవుతాయన్న భయంతో వాటిని చెదరగొట్టి దక్షిణంగా పంపేశారు. కాపలాకు యుద్ధనౌకలు లేవు. జపాన్ వైస్ అడ్మిరల్ ఒజావా అప్పటికే బంగాళాఖాతంలోకి చొచ్చుకువచ్చాడు. ఆయన వెంట చోకాయ్, కుమానో, సుజుయా, మికుమా, మొగామి అనే భారీ క్రూజర్లు, ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక ఉన్నాయి. ఆయన తన బలగాన్ని మూడు గుంపులు చేసి, ఒడిశా నుంచి మన కోస్తా దాకా తీరం పొడవునా పరిచాడు.

ఏప్రిల్ 5, 6 తేదీల్లో ఆ మూడు గుంపులూ ఇరవై దాకా సరుకు ఓడలను ముంచేశాయి. బ్రిటిష్ ఓడలు డార్డానస్, గండారా, ఆటోలికస్, మాల్డా. అమెరికా ఓడలు బీన్‌విల్, ఎక్స్‌మోర్, సెల్మా సిటీ. నార్వే ఓడలు డాగ్‌ఫ్రెడ్, హెర్మోడ్, ఎల్సా. ఇంకా డచ్చి ఓడలు. ఈ పేర్లను వరుసగా చదువుతుంటే ఒకటి అర్థమవుతుంది. ఆ రెండు రోజులూ మన తీరం ముందు సగం ప్రపంచం జెండాలు నీళ్ళ కిందికి పోయాయి. బతికినవాళ్ళు లైఫ్‌బోట్లలో తెడ్లు వేసుకుంటూ మన ఒడ్డుకు చేరారు.

ఏప్రిల్ 6న ర్యూజో నుంచి లేచిన విమానాలు కాకినాడ మీద, విశాఖ మీద బాంబులు వేశాయి. విశాఖ రేవులో ఉన్న ఆంగ్లో కెనడియన్‌కు బాంబు తగిలింది. ఆ రోజు పేలకుండా మిగిలిన జపాన్ బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు.

రేవులో కట్టి ఉన్న ఓడ మీద బాంబు పడటమంటే ఏమిటో ఓడ మనిషిగా చెబుతాను. నడిసముద్రంలో ఉన్న ఓడ కనీసం పక్కకు తిరగగలదు. రేవులో కట్టిన ఓడ ఎటూ కదలలేదు. ఇంజన్ చల్లారి ఉంటుంది. దాన్ని కదిలించాలంటే గంటల పని, ముందు టగ్గులు కావాలి, కాలువ దాటించడానికి పైలట్ కావాలి. విమానాలకు కావలసింది నిమిషాలే. ఆ కాలపు హేచ్ మూతలు ఇప్పటిలా ఉక్కువి కావు. చెక్క పలకలు పేర్చి, పైన టార్పాలిన్ కప్పి, అంచుల్లో చెక్క మేకులు దిగ్గొట్టేవారు. నిప్పురవ్వ పడితే ఆ పలకలే అంటుకుంటాయి. అలాంటి స్థితిలో ఓడను నిలబెట్టుకోవాలంటే పంపులు నడిపేవాడు, గొట్టం పట్టేవాడు, పొగలోకి దిగేవాడు, ప్రతి మనిషీ నిలబడాలి. ఆంగ్లో కెనడియన్ నిలబడింది.

ఖాళీ కడుపుతో

బంగాళాఖాతంలో ఆ తర్వాత కొన్ని వారాలు సరుకు ఓడల రాకపోకలు స్తంభించిపోయాయి. మళ్ళీ ప్రయాణానికి సిద్ధపడ్డాక ఆంగ్లో కెనడియన్ విశాఖ నుంచి బయలుదేరింది. గమ్యం అమెరికా తూర్పు తీరంలోని ఫిలడెల్ఫియా. దారి కేప్‌టౌన్ మీదుగా.

పటం తీసి ఆ దారిని వేలితో గీసి చూడండి. విశాఖ నుంచి దక్షిణానికి దిగి, హిందూ మహాసముద్రం అడ్డంగా దాటి, ఆఫ్రికా అడుగు కొసను చుట్టి, అట్లాంటిక్ మీదుగా వాయవ్యానికి ఎక్కాలి. మధ్యధరా సముద్రం జర్మన్, ఇటాలియన్ బాంబర్ల నీడలో ఉండటంతో సూయజ్ దగ్గరిదారి మూసుకుపోయినట్టే. అలాంటి ఓడలు గంటకు పది, పదకొండు నాట్ల కంటే పెద్దగా పోలేవు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. పది నాట్లంటే పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు, సైకిల్ మీద హుషారుగా పోయే కుర్రాడి వేగం. ఆ వేగంతో రెండు మహాసముద్రాలు దాటాలి.

ఆ ప్రయాణంలో సరుకు లేదు. రికార్డుల్లో ‘బ్యాలాస్ట్’ అని మాత్రమే ఉంది. ఖాళీ ఓడను నడపడం నిండు ఓడ కంటే కష్టమని బయటివాళ్ళకు తెలియదు. బరువు లేని ఓడ నీళ్ళ మీద ఎత్తుగా తేలుతుంది. అందుకే అడుగు ట్యాంకుల్లో సముద్రపు నీళ్ళు నింపుతారు, అవి చాలకపోతే ఆ కాలంలో ఇసుక పోసేవారు. అయినా పెద్ద అల వచ్చి వెనక భాగం లేచినప్పుడు ప్రొపెల్లర్ సగం గాల్లోకి వస్తుంది. నీటి అడ్డు పోగానే ఒక్కసారిగా వేగం పుంజుకుని ఓడంతా గజగజ వణుకుతుంది. మళ్ళీ నీళ్ళలో పడ్డప్పుడు ధడేల్మని చప్పుడు. ఆ క్షణాలను కనిపెట్టి ఇంజన్ ఊపు తగ్గించడానికి ఒక మనిషి చేయి తీయకుండా కంట్రోల్ దగ్గర నిలబడాలి. నేనూ నిలబడ్డాను. వాచ్ (డ్యూటీ వంతు) అయ్యేసరికి ముంజేయి మొద్దుబారిపోతుంది. నన్ను వేటాడే జలాంతర్గామి మాత్రం లేదు.

ఇంజన్ రూము నీటిమట్టానికి కింద ఉంటుంది. ఓడ పక్క రేకు మందం అంగుళం లోపే. ఆ రేకు అవతల సముద్రం రాసుకుంటూ పోతున్న చప్పుడు రాత్రి వాచ్‌లో స్పష్టంగా వినిపిస్తుంది. పైకి రావాలంటే నిటారు ఇనుప మెట్లు, ఒకదాని మీద ఒకటి. ఆనాటి జర్మన్ టార్పెడో ముక్కులో 280 కిలోల పేలుడు మందు ఉండేది. అది తరచూ గురిపెట్టేది ఓడ నడుమ భాగానికే, అంటే ఇంజన్ రూముకే. కింద వాచ్‌లో ఉన్నవాళ్ళు ఆ సంగతి తెలిసే దిగేవారు.

ఈ ఓడలకు రక్షణగా వెనక డెక్ మీద ఒక పాత ఫిరంగి, కొన్ని మరతుపాకులు, వాటికి కొద్దిమంది గన్నర్లు ఉండేవారు. ఓడకు బూడిదరంగు పూసేవారు. రాత్రి కిటికీలన్నీ మూసి, డెక్ మీద బీడీ కూడా వెలిగించనిచ్చేవారు కాదు. అంతకు మించి చేయగలిగిందేమీ లేదు.

జూన్ 25

యు-153 అనే జర్మన్ జలాంతర్గామి జూన్‌లో ఫ్రాన్స్ తీరంలోని లోరియాన్ స్థావరం నుంచి కరీబియన్ వైపు బయలుదేరింది. దాని కమాండర్ విల్‌ఫ్రీడ్ రైఖ్‌మాన్. అప్పటికి అమెరికా తీరంలో, కరీబియన్‌లో సరుకు ఓడలను జట్లుగా కాపలాతో నడిపే ఏర్పాటు ఇంకా పూర్తిగా కుదరలేదు. ఒంటరి ఓడలు జలాంతర్గాములకు పళ్ళెంలో వడ్డించినట్టు దొరికేవి.

కరీబియన్ దీవులకు ఈశాన్యంగా, ఏ ఒడ్డుకైనా వందల మైళ్ళ దూరంలో, ఆంగ్లో కెనడియన్ ఒంటరిగా వెళ్తుండగా యు-153 దాన్ని టార్పెడోతో కొట్టింది. ఓడలో మొత్తం 50 మంది. ఒకరు పోయారు. 49 మంది బతికారు. విశాఖలో ఆకాశం నుంచి వచ్చిన దెబ్బను తట్టుకున్న ఓడ, నీళ్ళ కింది నుంచి వచ్చిన దెబ్బను తట్టుకోలేకపోయింది.

ఆ తర్వాత నాలుగు రోజుల్లో యు-153 ఇంకో రెండు ఓడలను ముంచింది, అమెరికాకు చెందిన పోట్‌లాచ్, రూత్. జూలైలో ఆ జలాంతర్గామే కరీబియన్‌లో నాశనమైంది. అందులోని 52 మందిలో ఒక్కరూ మిగల్లేదు. విశాఖ మీదికి విమానాలు పంపిన ర్యూజో ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర అమెరికా విమానాల చేతిలో మునిగింది. ఆంగ్లో కెనడియన్‌ని కొట్టిన రెండు ఓడలూ ఆ సంవత్సరం దాటలేదు. ఈ లెక్కలో గెలిచిందెవరో నాకు కనబడదు.

అదే కంపెనీ ఓడ ‘ఆంగ్లో శాక్సన్’ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1940 ఆగస్టు 21న విడ్డర్ అనే జర్మన్ దాడి నౌక అట్లాంటిక్‌లో దాన్ని ముంచింది. ఒక చిన్న పడవలో ఏడుగురు తప్పించుకున్నారు. 70 రోజుల తర్వాత ఆ పడవ బహామాస్‌లోని ఎల్యూథెరా దీవికి కొట్టుకొచ్చేసరికి ఇద్దరే మిగిలారు, రాబర్ట్ టాప్‌స్కాట్, రాయ్ విడ్డికోంబ్. విడ్డికోంబ్ కోలుకుని ఇంటికి పోతూ ఎక్కిన ఓడను మరుసటి సంవత్సరం ఒక జర్మన్ జలాంతర్గామి ముంచింది. ఆ చిన్న పడవ ఇప్పుడు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం దగ్గర ఉంది.

ఒక్క 1942లోనే జలాంతర్గాములు 1,160 సరుకు ఓడలను ముంచాయి. పోయిన ఓడలకు బదులు అమెరికా యార్డులు లిబర్టీ ఓడలను కట్టి నీళ్ళలోకి తోసాయి, యుద్ధం ముగిసేలోగా 2,710. ఓడలను అలా కట్టవచ్చు. ఇంజన్ రూముకు దిగే మనిషిని యార్డులో కట్టలేరు.

ఓడ మునిగిన రోజుతో జీతం బంద్

ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఒకటుంది. 1941 మే వరకు బ్రిటిష్ సరుకు ఓడల్లో నావికుడి జీతం ఓడ మునిగిన రోజుతో ఆగిపోయేది. లైఫ్‌బోటులో దాహంతో నాలుక పిడచకట్టిన రోజులకు జీతం లేదు, ఎందుకంటే పనిచేయడానికి ఓడ లేదు కదా. యుద్ధం మొదలై ఏడాదిన్నర గడిచాక, నావికులు దొరకడం కష్టమయ్యాకే ఆ పద్ధతి మారింది.

మనవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. బ్రిటిష్ సరుకు ఓడల నావికుల్లో దాదాపు నాలుగో వంతు భారతీయులు. ‘లస్కర్లు’ అని పిలిచేవారు. వాళ్ళలో చాలామంది బాయిలర్ల దగ్గర బొగ్గు వేసేవాళ్ళు, ఇంజన్ రూము పనివాళ్ళు. అంటే ముందుగా మునిగే చోట ఉండేవాళ్ళు. అదే ఓడ మీద అదే పని చేసే తెల్లవాడి జీతంలో చిన్న భాగం వాళ్ళ చేతికొచ్చేది. పడుకునే చోటు కూడా తక్కువే. ఆ యుద్ధంలో మన నావికులు ఆరువేల మందికి పైగా చనిపోయారు. సముద్రమే సమాధి అయినవాళ్ళ పేర్లు ముంబయిలో, చిట్టగాంగులో స్మారక గ్రంథాల్లో ఉన్నాయి. మన ఇళ్ళల్లో మాత్రం సైనికుల ఫోటోలకు దండలుంటాయి, నావికుల ఫోటోలు ట్రంకుపెట్టెల్లోనే ఉండిపోతాయి.

మా వీధి ప్రశ్నకు జవాబు

ఇప్పుడు ఆ తల్లి అడిగిన దాని దగ్గరికి వస్తాను. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో, ఏడెన్ సింధుశాఖలో సరుకు ఓడల మీద క్షిపణి దాడులు మొదలయ్యాయి. ఎన్నో కంపెనీలు సూయజ్ దారి మానుకుని, 1942లో ఆంగ్లో కెనడియన్ పోయినట్టే ఆఫ్రికాను చుట్టి పోయాయి. 2024 జనవరి 26న ‘మార్లిన్ లువాండా’ అనే ట్యాంకరుకు క్షిపణి తగిలి మంటలు లేచాయి. అందులో నాఫ్తా ఉంది, పెట్రోలుకు ఏమాత్రం తీసిపోని అగ్గి సరుకు. సిబ్బందిలో 22 మంది భారతీయులు, ఒకరు బంగ్లాదేశీ. సాయానికి వెళ్ళిన మన నౌకాదళ ఓడ పేరు ‘ఐఎన్‌ఎస్ విశాఖపట్నం’. మన నావికాదళ అగ్నిమాపక జట్టు ఓడ సిబ్బందితో కలిసి మంటలు ఆర్పింది. అందరూ బతికారు. ఆ వార్త చదివిన రోజు నాకు గర్వంతో ఛాతీ ఉబ్బింది. ఆ మార్చిలోనే ‘ట్రూ కాన్ఫిడెన్స్’ అనే ఓడ మీద దాడిలో ముగ్గురు నావికులు పోయారు. మిగిలినవాళ్ళను మన ‘ఐఎన్‌ఎస్ కోల్‌కతా’ కాపాడింది.

కాబట్టి ప్రమాదం లేదని ఆ తల్లికి అబద్ధం చెప్పను. ఉద్దానం నుంచి, మన టెక్కలి ప్రాంతం నుంచి ఎందరో కుర్రాళ్ళు ఓడలెక్కుతున్నారు, ఇళ్ళు కట్టారు, చెల్లెళ్ళకు పెళ్ళిళ్ళు చేశారు. ఈ ఉద్యోగం మంచిదే. ఆనాటి నావికుడికి లేని హక్కులు ఈనాటివాడికి ఉన్నాయి. అవి తెలిసి ఎక్కాలి.

పంపించే ఏజెంటుకు షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ (నావికుల నియామక) లైసెన్సు ఉందో లేదో, ఆ నంబరు డైరెక్టరేట్ జాబితాలో ఉందో లేదో మొదట చూడాలి. లైసెన్సు లేనివాడు లక్షలు అడిగితే, ఆ డబ్బూ పోతుంది, ఆ పిల్లవాడూ ఏ దేశపు రేవులోనో జీతం లేకుండా ఇరుక్కుంటాడు. చేతికి అగ్రిమెంటు కాపీ లేకుండా ఓడ ఎక్కకూడదు. భారతదేశం 2015లో ఒప్పుకున్న సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం, ఓడ మునిగి పని పోతే నావికుడికి పరిహారం రావాలి. దానికి రెండు నెలల జీతం పరిమితి పెట్టవచ్చు గానీ ఆ రోజుతో జీతం తెగిపోదు. సముద్రపు దొంగలు పట్టుకుపోయినా చెరలో ఉన్నన్నాళ్ళూ జీతం నడవాలి. అంతర్జాతీయ యూనియన్ ఒప్పందాలున్న ఓడల్లో, యుద్ధప్రాంతంగా ప్రకటించిన చోటికి వెళ్ళనని నావికుడు అనవచ్చు. కంపెనీ ఖర్చుతోనే ఇంటికి పంపాలి. వెళ్తానంటే అదనపు జీతం, రెట్టింపు పరిహారం ఉంటాయి. ఆ ఒప్పందం తన ఓడకు ఉందో లేదో అగ్రిమెంటులో చూసుకోవాలి. ఈ సంగతులు పిల్లవాడికే కాదు, ఇంట్లో తల్లిదండ్రులకూ తెలియాలి. గొడవ వస్తే మొదట ఫోన్లు చేయాల్సింది వాళ్ళే.

ఇక మన పక్క సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవు కడుతున్నారు. ఇన్నాళ్ళూ ఓడ కోసం విశాఖో, ముంబయో పోయిన మా కుర్రాళ్ళు ఇంటి నుంచే దాన్ని చూడబోతున్నారు. విశాఖ బీచ్ రోడ్డులో ‘కురుసుర’ జలాంతర్గామి మ్యూజియం ఉంది, దాని దగ్గరే నౌకాదళ యుద్ధవిమానం మ్యూజియం ఉంది. రెండూ చూడదగ్గవే, మన నావికాదళానికి అది తగిన గౌరవమే. అదే బాటలో సరుకు ఓడల మనుషులకూ ఒక రాతిపలక ఉండాలని నా కోరిక. 1942 ఏప్రిల్‌లో మన తీరం ముందు మునిగిన ఓడల పేర్లన్నీ దాని మీద చెక్కాలి, ఆంగ్లో కెనడియన్ పేరు కూడా. అక్కడ మునగలేదు కదా అని దాన్ని వదిలేయకూడదు. అది మన రేవులో గాయపడింది, మన రేవు నుంచే ఆఖరి ప్రయాణం మొదలుపెట్టింది. విశాఖ మీద పడిన బాంబుల గురించి బడిలో చెప్పేటప్పుడు రేవులో ఉన్నవాళ్ళ గురించి కూడా చెప్పాలి.

రేవు వస్తోందంటే మా జిల్లాలో అందరూ భూముల ధర మాట్లాడుతున్నారు, ఉద్యోగాల సంఖ్య మాట్లాడుతున్నారు. మాట్లాడాల్సిందే. వాటితో పాటు ఆ రేవుకు వచ్చే ప్రతి ఓడలోనూ, నీటిమట్టానికి కింద, ఎవరో ఒక తల్లి కొడుకు వాచ్‌లో ఉంటాడన్నది కూడా తెలిసి ఉండాలి. అతని జీతం, అతని ప్రాణం సరుకు కంటే ముందు లెక్కలోకి రావాలి. ఆ లెక్క అడిగే ధైర్యం రేవు ఊళ్ళవాళ్ళకే ఎక్కువ ఉండాలి.